తెర అడుగున నలభై చుక్కల జాగా

నేను ఒక పట్టీని. కాలికి పెట్టుకునేది కాదు, గాయానికి చుట్టేదీ కాదు. కంప్యూటర్ తెర అడుగున ఈ చివర నుంచి ఆ చివరిదాకా బూడిద రంగులో పడుకుని ఉంటుందే, అది. నా ఎత్తు నలభై చుక్కలు, పిక్సెళ్లంటారే అవి. బరువు లేదు, వాసన లేదు, ఎలక కొరకదు, తుప్పు పట్టదు. మీరు ఒక కాగితం తెరిస్తే దాని పేరు నా మీద ఒక గడిలో అక్షరాలతో ప్రత్యక్షమవుతుంది. ఇంకోటి తెరిస్తే పక్కన ఇంకో గడి. ఏ గడి నొక్కితే ఆ కాగితం మీ ముందుకొస్తుంది. ఇంతే నా పని. ఇంతేనా అని పెదవి విరిచేవాళ్లుంటారు, ఉండనివ్వండి. ఇంతే పని పదిహేనేళ్లుగా ఒక్కరోజు నాగా లేకుండా చేసినవాళ్లు మీ వీధిలో ఎంతమందో లెక్కపెట్టుకుని, ఆ తర్వాత నాతో మాట్లాడండి.

నేను పుట్టిన ఇంటి పేరు ముంగిలి. అదీ ఇటుకల ఇల్లు కాదు. కంప్యూటర్ ఆన్ చేశాక కనిపించే బొమ్మలు, మెనూ, గడియారం, ఒకదాని మీద ఒకటి తెరుచుకునే కిటికీలు, అన్నీ కలిపి ఒక సంసారం. దాన్ని డెస్క్‌టాప్ అంటారు. ముంగిలిని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. దేశదేశాల్లో ఉన్న కొంతమంది తీరిక వేళల్లో రాసి అందరికీ ఊరికే ఇస్తారు. ఎలా రాశారో కూడా విప్పి చూపిస్తారు, నచ్చనివాడు మార్చుకోవచ్చు. ఊరికే ఇచ్చేదానికి మళ్లీ పోట్లాటలెందుకని మీకు అనిపించవచ్చు. ఊరికే చేసేవాళ్లే ఎక్కువ పోట్లాడతారండీ. జీతం తీసుకునేవాడు సాయంత్రం అయిదయ్యాక ఎలా పోతే నాకేం అనుకుంటాడు. వీళ్లకి ఆ అయిదు మోగదు.

నన్ను చేసినాయన సువ్వారి నరసింగరావు. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటు. ఆ రోజుల్లో ముంగిలిలో తెరిచిన కిటికీలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా మారి ఒక మూల పేరుకునేవి. ఏ బొమ్మ వెనక ఏముందో తెలిసేది కాదు. విద్యార్థులు ఒక కిటికీ మీద ఇంకోటి తెరిచేవారు, కిందది కనపడక ఏడుపు మొహాలతో ఆయన దగ్గరికి పరుగెత్తేవారు. పోలేదురా, వెనక్కెళ్లిందంతే అని రోజుకి ముప్పైసార్లు చెప్పి చెప్పి ఆయనకి విసుగొచ్చింది. ఆ విసుగులోంచి పుట్టాను నేను. వేసవి సెలవులు మొత్తం నా మీదే పెట్టి, ప్రతి కిటికీకీ ఒక గడి, గడి మీద దాని పేరు అక్షరాలతో కనపడేట్టు రాశాడు. గొప్పవాళ్లంతా గొప్ప ఆశయాల్లోంచి పుడతారంటారు. నేను మాత్రం ఒక మంచి మనిషి విసుగులోంచి పుట్టాను, అందుకు నాకేమీ చిన్నతనం లేదు.

ముంగిలి వాళ్లకి ఒక ఆచారం ఉంది. ఎవరు రాసినా, ఇంకొకరు చదవకుండా ఒక్క వాక్యం కూడా లోపలికి రాదు. నన్ను చదివినాయన కోయంబత్తూరు సెల్వమణి. ముంగిలికి పెద్ద దిక్కులాంటి మనిషి. ఆయన నలభై ఒక్క దిద్దుబాట్లు రాసి నన్ను వెనక్కి పంపించాడు. నరసింగరావుకి ఒళ్లు మండింది. పది రోజులు జవాబివ్వలేదు. భార్య ఆ కాగితాలు తిరగేసి ఒక మాట అంది. “నలభై ఒక్క తప్పులు పట్టాడంటే మీ రాత ఎంత శ్రద్ధగా చదివాడో చూడండి. పెళ్లయిన కొత్తలో మీ ఉత్తరాలు నేను కూడా అంత శ్రద్ధగా చదవలేదు.” ఆయన ఇంకేమంటాడు, నోరు మూసుకుని నలభై ఒక్కటీ దిద్దాడు. అలా నేను లోపలికి అడుగుపెట్టాను.

లోపల ఇంకో కట్టుబాటు కూడా ఉంది, నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతాను. ముంగిలిలో ‘చూసుకునేవారు’ అని ఒక జాబితా ఉంటుంది. మెనూని ఎవరు చూసుకుంటారు, గడియారాన్ని ఎవరు చూసుకుంటారు, పట్టీని ఎవరు చూసుకుంటారు, ఒక్కొక్క దానికి ఎదురుగా ఒక్కో మనిషి పేరు. కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, వచ్చే వేళకి ఎవరి పేరూ లేని భాగాన్ని తీసేస్తారు. ఎంత పాతదైనా, ఎంత మంచిదైనా సరే. చేసేవాడిదే మాట అని వాళ్ల సిద్ధాంతం. నా ఎదుట పన్నెండేళ్లు నరసింగరావు పేరుంది. తర్వాత ఆయన రిటైరయ్యాడు. ముంగిలిని రాసే పద్ధతి మొత్తం మారిపోయింది. కొత్త పద్ధతి ఆయనకు పట్టుబడలేదు, చేయలేని పనికి పేరెందుకని తనే తీయించుకున్నాడు. ఆ రోజు నుంచి నా ఎదుట ఖాళీ, ఆ తర్వాత కొత్త కూర్పేదీ ఇంకా రాలేదు కాబట్టి ఉండిపోయాను. అయినా నేనేమీ కంగారుపడలేదు. నాలాంటి దాన్ని ఎవరు తీసేస్తారులే అన్న ధీమా. ఆ ధీమా గురించి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈలోగా నేను చాలా చోట్లకి వెళ్లాను. పడవలు బాగుచేసే షెడ్లో ఉన్నాను, కొండ మీద బడిలో ఉన్నాను, కోళ్ల దాణా కొట్టులో ఉన్నాను. మనుషులు ఒక్క చోట ఉండటానికే ఆపసోపాలు పడతారు, నేను ఒకేసారి వేల చోట్ల ఉంటాను. కానీ నా ఠీవి చూడాలంటే మీరు పార్వతీపురం రావాలి. అక్కడ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు వీధిలో మహంతి కనకరత్నం గారి దుకాణం ఉంది.

కనకరత్నం గారు దస్తావేజు లేఖరి. పొలం అమ్మినా, ఇల్లు కొన్నా, అన్నదమ్ములు పంచుకున్నా ఆ కాగితం రాసిపెట్టేది ఆవిడే. తండ్రిది అదే వృత్తి. ఆయన ముప్పై ఏళ్లు కలంతో రాశాడు, ఈవిడ ఇరవై ఏడేళ్లుగా రాస్తోంది, మొదట చేత్తో, తర్వాత కంప్యూటర్‌తో. తండ్రీ కూతుళ్ల రాతలో తప్పు దొర్లి సవరణ దస్తావేజు రాయాల్సి వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. అది ఆవిడ గర్వం. బయటికి చెప్పుకోదు గానీ, ఆ వీధిలో అందరికీ తెలుసు. పదకొండేళ్ల కిందట వైరస్‌తో ఆవిడ కంప్యూటర్ పడకేస్తే, మరమ్మతులు చేసే షేక్ యూసుఫ్ పాతది తుడిచేసి ముంగిలి పెట్టాడు. దాంతోపాటు నేనొచ్చాను.

ఆవిడ పనితీరు ఒక రకం. దస్తావేజు రాయించుకోవడానికి పొద్దున వచ్చిన పార్టీ పేరుతో ఒక కాగితం తెరుస్తుంది. రెండో పార్టీ వస్తే రెండోది. పార్టీ సంతకం పెట్టి వెళ్లేదాకా ఏ కాగితాన్నీ మూయదు. కాబట్టి నా మీద పేర్లు వచ్చిన వరసలోనే ఉంటాయి. ఎడమ చివర ఉన్నవాళ్లది ముందు, కుడి చివర ఉన్నవాళ్లది వెనక. ఆవిడ తెరని బెంచీ వైపు కాస్త తిప్పి పెడుతుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు నన్ను చూసి తమ వంతు ఎప్పుడో తెలుసుకుంటారు. ఎవరి పేరైనా నా మీదకి వచ్చిందంటే ‘పేరెక్కింది’ అంటారు. పేరెక్కితే ఇక ఇంటికెళ్లి అన్నం తిని రావచ్చు, వరస ఎక్కడికీ పోదు. ఎమ్మెల్యే మనిషొచ్చి ముందు నాది చెయ్యండంటే, కనకరత్నం గారు మారుమాట లేకుండా నా వైపు వేలు చూపించేది. నన్ను చూసి అతగాడు బెంచీ చివర కూర్చునేవాడు. నన్ను చూసి. ఆ మాట మళ్లీ చదువుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇంతలో హైదరాబాదులో హరిణి అనే అమ్మాయి రంగప్రవేశం చేసింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. తెర మీద ఏది ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి అన్నది ఆ అమ్మాయి చదువు. పద్నాలుగు నెలలు తన ఖాళీ సమయమంతా పోసి ముంగిలికి కొత్త రూపం గీసింది. అందులో నేను లేను. నా స్థానంలో గుండ్రటి బొమ్మల వరస. రాసే కాగితాలు పది తెరిచినా ఇరవై తెరిచినా వాటన్నిటికీ కలిపి ఒకే బొమ్మ. దాని మీద మౌసు బాణం పెడితే ఆ కాగితాలన్నీ తపాలా బిళ్లలంత పటాలుగా పైకి లేస్తాయి. చూడటానికి అందంగా ఉందని ఒప్పుకుంటాను. నాకు అసూయ లేదని మాత్రం చెప్పను.

హరిణి దగ్గర లెక్క కూడా ఉంది. ముంగిలి వాడే కంప్యూటర్లు తామేం వాడుతున్నాయో నెలకోసారి ఇంటర్నెట్ ద్వారా కబురు పంపిస్తాయి. పదివేల కంప్యూటర్ల కబురు చూసిందట, పేర్లున్న పట్టీని వాడేవాళ్లు నూటికి ముగ్గురు. ముగ్గురి కోసం నలభై చుక్కల జాగా ఎందుకు వృథా చేయాలి, పైగా దీన్ని చూసుకునేవాళ్లెవరూ లేరు, వచ్చే కూర్పులో తీసేద్దాం అని ముంగిలి చర్చావేదికలో ప్రతిపాదించింది.

అయ్యో ఆ చర్చ. నా జన్మలో అంత గోల చూడలేదు. మూడు వారాల్లో మూడొందల పన్నెండు ఉత్తరాలు. కొత్తొక వింత పాతొక రోత అని కొందరు ఎద్దేవా చేశారు. పాతదే పట్టుకు వేలాడితే ముంగిలి మ్యూజియం అవుతుందని కొందరు. ఒకాయన నా బూడిద రంగు గురించి నాలుగు పేజీలు రాశాడు. అది బూడిద కాదు, నీలం కలిసిన బూడిద అని ఇంకొకాయన అయిదు పేజీలు. ఒక పెద్దమనిషి, పట్టీని తీసేస్తే ముంగిలిని వదిలి వెళ్లిపోతానన్నాడు. ఆయన ఏటా ఏదో ఒకదానికి వెళ్లిపోతూనే ఉంటాడు, పాపం ఇంకా గుమ్మం దాటలేదు. నన్ను పొగుడుతూ రాసినవాళ్లే నూట నలభై మంది. పొంగిపోయాను. తీరా సెల్వమణి, మంచిది, మరి ఎవరు చూసుకుంటారో పేరివ్వండి అని రాసేసరికి మూడు రోజులు ఒక్క ఉత్తరం రాలేదు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేదెవరు?

ఆఖరికి ఒక తేదీ పెట్టారు. మూడు వారాల తర్వాత వచ్చే శనివారం సమావేశంలో తేల్చేస్తారు. ఈలోగా హరిణి కొత్త రూపాన్ని ప్రయోగంగా అందరికీ అందుబాటులో ఉంచారు. సరిగ్గా ఆ వారమే కనకరత్నం గారి కంప్యూటర్లో డిస్కు చెడిపోయింది. కొత్త డిస్కు వేసిన యూసుఫ్, ఎలాగూ వేస్తున్నాం కదా, సరికొత్తది పెడదామని మంచి మనసుతో ఆ ప్రయోగపు కూర్పు పెట్టేశాడు. ఆ పది రోజులు నేను అక్కడ లేను. తర్వాత విన్నదే చెబుతున్నాను.

కనకరత్నం గారికి మొదటి రోజే తికమక. ఎనిమిది దస్తావేజులకీ ఒకటే బొమ్మ. బాణం పెడితే ఎనిమిది పటాలు లేస్తున్నాయి, అన్నీ తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే. ఏది ఎవరిదో కళ్లు చిట్లించి పోల్చుకోవాలి. బెంచీ మీదివాళ్లు పేరెక్కిందేటమ్మా అని నిమిషానికోసారి అడగడం మొదలుపెట్టారు. ఎక్కడానికి చోటేది?

పదో రోజు ఒకే ఊరి నుంచి రెండు పార్టీలు వచ్చాయి. ఒకరు మజ్జి సింహాచలం, డెబ్బై దాటిన రైతు, మేనల్లుడికి ఎకరం అమ్ముతున్నాడు. ఇంకొకరు అలజంగి పైడిరాజు, ఆ చుట్టుపక్కలే ఉన్న తన పొలంలో నూతికి తూర్పున ఉన్న ముక్క అమ్ముతున్నాడు. ఒక ఊరి పొలాలకి హద్దులు రాసేటప్పుడు లేఖరులు ఒక దస్తావేజు పక్కన పెట్టుకుని రెండోది సరిచూసుకుంటారు. కనకరత్నం గారు అలాగే చూసుకుంటూ పడమటి హద్దు మార్చింది. కాకపోతే తను అనుకున్న కాగితంలో కాదు, దాని పక్క పటంలో. నొక్కింది వేరే పటమని ఆవిడకి తెలియలేదు.

సంతకాలకి ముందు దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించడం ఆవిడ తండ్రి నాటి ఆచారం. చాలామంది ఇప్పుడు చదవడం మానేశారు. ఆవిడ చదువుతుంటే సింహాచలం కళ్లు మూసుకుని వింటున్నాడు. పడమటి హద్దు దగ్గర కళ్లు తెరిచాడు.

“పడమర పైడిరాజు నుయ్యంటారేటమ్మా? నా పడమర గెడ్డ కదా.”

గెడ్డంటే అక్కడివాళ్ల మాటలో చిన్న వాగు. ఆవిడ చదివిన హద్దుకీ ఆ గెడ్డకీ మధ్య ముప్పై సెంట్ల భూమి ఉంది. దస్తావేజు అలాగే రిజిస్టరయి ఉంటే ఆ ముప్పై సెంట్లు ఎవరివో తేలక మామ తర్వాత మేనల్లుడు, మేనల్లుడి తర్వాత అతని పిల్లలు కోర్టు మెట్లు ఎక్కుతూ ఉండేవారు. కనకరత్నం గారు చదవడం ఆపింది. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని, రెండు దస్తావేజులూ మొదటి నుంచి సరిచూసి, మళ్లీ చదివి సంతకాలు పెట్టించింది. వాళ్లు వెళ్లాక మిగతావాళ్లని రేపు రమ్మని పంపేసి షట్టరు సగం దించుకుని కూర్చుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. ఆవిడకి ఏడుపొచ్చింది.

డిస్కు ఎలా ఉందో కనుక్కుందామని వచ్చిన యూసుఫ్‌తో, దుకాణం మూసేద్దామనుకుంటున్నానని చెప్పింది. కళ్లు మందగించాయని, నాన్నగారి పేరు చెడకముందే మానుకోవడం మర్యాదని అంది. యూసుఫ్ జరిగిందంతా విన్నాడు. కుర్చీ లాక్కుని ఆ బొమ్మల వరస చూశాడు. తల పట్టుకున్నాడు.

“మీ కళ్లు కాదమ్మా. నాను పెట్టిన ఈ కొత్తదే. పేర్లు తీసేసి బొమ్మలెడితే ఎవులికి తెలుస్తాది?”

నేను పెద్ద పెద్ద వాళ్ల మెప్పులు పొందాను గానీ, ఆ ఒక్క మాటకి యూసుఫ్‌కి జీవితాంతం రుణపడి ఉంటాను. మనుషుల్లో ఇదో వింత. పనిముట్టు కుదరకపోతే పనిముట్టుని అనరు, మా చెయ్యే వంకర అనుకుంటారు. వయసు మళ్లినవాళ్లయితే మరీను. యూసుఫ్ అప్పటికప్పుడు పాత కూర్పు పెట్టాడు, నేను తిరిగొచ్చాను. కానీ ఇది ఎన్నాళ్లో ఉండదని, శనివారం తేల్చేస్తారని, తేల్చాక పాత కూర్పుకి మరమ్మతులు కూడా ఆపేస్తారని చెప్పాడు. ఎవరికి చెప్పుకోవాలని ఆవిడ అడిగింది. యూసుఫ్ నా వివరాల పేజీ తెరిచాడు. అందులో చేసినవారు: సువ్వారి నరసింగరావు అని ఉంది, కింద చిరునామా.

అర్జీ ఎలా రాయాలో ఆవిడకి తెలియదు. తెలిసిందల్లా దస్తావేజు. ఆవిడ దాన్నే రాసింది. ఆ కాగితం నాకు కంఠతా వచ్చు, కొంత వినండి.

“పార్వతీపురం కాపురస్థురాలు, దస్తావేజు లేఖరి మహంతి కనకరత్నం, ముంగిలి వారికి వ్రాసి ఇచ్చిన విజ్ఞప్తి పత్రం. ఏమనగా, ఈ దిగువ షెడ్యూలులో చూపిన పట్టీ గత పదకొండు సంవత్సరములుగా నా నిరాటంక స్వాధీన అనుభవములో ఉన్నది. దీనిపై నా పార్టీలు తమ పేర్లు చూసుకొని తమ వంతు తెలుసుకొనుచున్నారు. దీనిని తొలగించుటకు ముందు నాకు గాని, నా వంటివారికి గాని నోటీసు ఇచ్చి ఉండలేదు. ఇది లేని పది దినములలో నా చేత ఒక హద్దు తప్పు పడినది. షెడ్యూలు: తూర్పు, గడియారం. పడమర, మెనూ. ఉత్తరం, దస్తావేజు కనపడు తెర. దక్షిణం, తెర అంచు. ఈ నాలుగు హద్దుల మధ్య గల నలభై చుక్కల ఎత్తు జాగా. ఇది ఎవరి ప్రోద్బలమూ లేక, నా పూర్తి ఇష్టముతో వ్రాసినది.”

ఎత్తు యూసుఫ్ చేత కొలిపించింది. కింద ఇద్దరు సాక్షులు. ఒకటి షేక్ యూసుఫ్ సంతకం. రెండోది మజ్జి సింహాచలం వేలిముద్ర, దానికోసం ఆయన పనిగట్టుకుని ఊరి నుంచి వచ్చాడు. నా మీద వచ్చిన మూడొందల పన్నెండు ఉత్తరాలూ ఒక ఎత్తు, ఆ వేలిముద్ర ఒక ఎత్తు. పుట్టి పెరిగాక నాకు హద్దులు రాసిన మనిషి ఆవిడ ఒక్కతే.

నరసింగరావు దాన్ని చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, ఇంగ్లీషులోకి మార్చి చర్చావేదికలో పెట్టాడు. హరిణి మర్యాదగానే జవాబిచ్చింది. ఆవిడ బాధ అర్థమైందని, కానీ ఇది ఒక్కరి అనుభవమని, తన దగ్గర పదివేల కంప్యూటర్ల లెక్క ఉందని. నరసింగరావు ఆ అమ్మాయికి విడిగా తెలుగులో ఒక్క వాక్యం రాశాడు. “ఆ పదివేలల్లో ఈవిడ కంప్యూటర్ ఉందామ్మా?”

 హరిణి మర్నాడు పార్వతీపురం రైలెక్కింది. ఆ పిల్లని నేను ఎంత తిట్టుకున్నానో, కానీ ఒకటి చెప్పాలి. మూడొందల పన్నెండు ఉత్తరాలు రాసినవాళ్లలో లేచి చూడటానికి బయల్దేరింది ఆ పిల్ల ఒక్కతే.

పదింటికి దుకాణానికి వచ్చి తనెవరో చెప్పింది. కనకరత్నం గారు తలెత్తి చూసి, కూర్చోమ్మా, వరసలో ఉన్నవాళ్లు అయిపోయాక మాట్లాడతానంది. అంతే. తొమ్మిది పేర్లున్నాయి నా మీద. హరిణి బెంచీ మీద కూర్చుంది. కాసేపు ఫోను చూసుకుంది, తర్వాత జనాన్ని చూసింది, తర్వాత జనం ఎటు చూస్తున్నారో అటు చూసింది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను వీలైనంత నిటారుగా పడుకున్నాను.

పక్కన ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది, ఒళ్లో పాత కాగితాల సంచి. ఆవిడ హరిణిని చూసి, నీ పేరెక్కిందేటి అంది. లేదు, మీది ఎక్కిందా అని హరిణి అడిగింది. ఆవిడ తెర మీద నాలుగో గడి చూపించింది.

“నాకు సదువు రాదమ్మా. కానీ నా పేరు మొదట్ల ఆ వంకర ఉంటాది సూడు, అది నాదే. రేషన్ కార్డు మీద కూడా అదే వంకర.”

ఆ గడిలో ‘ఈరమ్మ’ అని ఉంది. హరిణి ఆ గడివైపు చాలాసేపు చూసింది. చదువు రానివాళ్లకి బొమ్మలే సులువని తన ప్రతిపాదనలో ఒక పేరా మొత్తం రాసింది ఆ అమ్మాయే. నేను చదివాను.

మధ్యాహ్నం యూసుఫ్ వచ్చినప్పుడు హరిణి ఒకటే ప్రశ్న అడిగింది, నెలనెలా వెళ్లే కబురు ఈ కంప్యూటర్ నుంచి వెళుతోందా అని. యూసుఫ్ నవ్వి, ఈ వీధిలో లైను అంతంతమాత్రం, అవన్నీ పంపిస్తూ కూర్చుంటే పని ఆగిపోతుందని తను ముందే ఆపేస్తానన్నాడు. వీధిలో పదకొండు దుకాణాలు, పదకొండింటిలోనూ తనే ముంగిలి పెట్టాడు, పదకొండింటిలోనూ ఆపేశాడు. హరిణి పదకొండూ తిరిగి చూసింది. అన్నిటిలో నేనే ఉన్నాను. ఒక్కటీ ఆ పదివేల లెక్కలో లేదు. మాస్టారు క్లాసులో నిలబడి, బడికి రానివాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి? చదువుకున్నవాళ్లు మాత్రమే చేయగల తప్పది. ఆ అమ్మాయి దుకాణం మెట్ల మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. పద్నాలుగు నెలల పని కదా. ఆ ఒక్క నిమిషం నాకు నా గొడవ గుర్తు రాలేదు.

సాయంత్రం వరస అయిపోయాక కనకరత్నం గారు టీ తెప్పించి, ఇప్పుడు చెప్పమ్మా అంది. చెప్పాల్సిందేమీ లేదండి, చూశాను అంది హరిణి.

శనివారం మధ్యాహ్నం మూడింటికి వీడియోలో సమావేశం. నలభై మంది చేరారు. హరిణి ముందుగా, ఎవరూ అడగకముందే, తన లెక్క తప్పని చెప్పింది. కబురు పంపనివాళ్లు తన లెక్కలో లేరని, వాళ్లే పట్టీని ఎక్కువ వాడుతున్నారని, ఎంతమందో తనకి తెలియదని. ఒప్పుకున్నాక అందరూ మెచ్చుకున్నారు. సెల్వమణి మెచ్చుకోలేదు. ఆయన కట్టుబాటు మనిషి. అంతా బాగుంది, కానీ ఈ జాబితాలో పట్టీ ఎదుట పేరు లేదు, ఇప్పుడు పేరు లేకపోతే తీసేయక తప్పదు, ఎవరు చూసుకుంటారు అని అడిగాడు.

నలభై మొహాలు, ఒక్క నోరూ లేవలేదు. నూట నలభై మంది నా అభిమానుల్లో ఆ వేళ పదిహేడు మంది అక్కడే ఉన్నారు. ఒకాయన నీళ్లు తాగడానికి లేచాడు. నా బూడిద రంగు మీద నాలుగు పేజీలు రాసినాయన లైను బాగోలేదని కెమెరా కట్టేసుకున్నాడు. నరసింగరావు గొంతు సవరించుకుని, కొత్త పద్ధతి తనకి రాదని, వచ్చుంటే ఎవర్నీ అడిగే పని లేకపోయేదని అన్నాడు.  కన్నతండ్రి చేతులెత్తేస్తే ఎలా ఉంటుందో ఆ క్షణం తెలిసింది నాకు. అయిపోయిందనుకున్నాను. పోతే పోయాను, తలవంచుకుని మాత్రం పోకూడదని గట్టిగా అనుకున్నాను.

“నా పేరు రాయండి,” అంది హరిణి.

సెల్వమణి ఆ అమ్మాయిని హెచ్చరించాడు. ఒక మనిషి రెండు మోయలేరు, దీన్ని చూసుకుంటే నీ కొత్త రూపం ఈ కూర్పులో రాదు, వచ్చే కూర్పులో వస్తుందో లేదో కూడా చెప్పలేం. తెలుసండి అంది హరిణి. నన్ను కూలదోయడానికి పద్నాలుగు నెలలు కష్టపడ్డ మనిషి, ఆ పద్నాలుగు నెలల్నీ పక్కన పెట్టి నన్ను నెత్తికెత్తుకుంది. నా ఎదుట ఖాళీలో ‘కేశిరాజు హరిణి’ అని పడింది. నరసింగరావు భార్య వెనక నుంచి తొంగి చూసి, మంచి పిల్ల, నలభై ఒక్క తప్పులూ ఇప్పుడు తనే పడుతుంది చూడండి అంది.

పట్టింది కూడా. మొదటి వారంలోనే నా గుట్టు బయటపెట్టింది. నా నలభై చుక్కల ఎత్తులో తెలుగు వత్తులు అడుగున తెగిపోయేవి. మజ్జిలో జ వత్తు సగమే కనిపించేది, ఈరమ్మలో మ వత్తు కాలు విరిగినట్టుండేది. పదకొండేళ్లు ఆ దుకాణంలో అందరూ ఆ సగం వత్తులే చదువుకున్నారు, ఎవరూ ఒక్కమాట అనలేదు. నేనూ చెప్పుకోలేదు, నా గొప్పలే నాకు సరిపోయాయి. హరిణి నన్ను నలభై నాలుగు చుక్కలు చేసింది. ఇప్పుడు నా మీద ప్రతి పేరూ కాళ్లతో సహా నిలబడుతుంది. కొత్త కూర్పు పెట్టిన రోజు కనకరత్నం గారు తెరకి దగ్గరగా వంగి, పేర్లన్నీ ఎడమ నుంచి కుడికి దస్తావేజు చదివినట్టే పైకి చదివింది.  పని మొదలుపెట్టింది. ఆవిడ ఇప్పటికీ దుకాణం మూయలేదు, ఆవిడ రాతలో సవరణ దస్తావేజు ఇప్పటికీ లేదు.

నేను చిరంజీవిని కాను. కొత్త చూపున్న కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, రావాలి కూడా. ఏదో ఒక రోజు నాకన్నా మంచిది వస్తే తప్పుకుంటాను, కాకపోతే అడిగి తప్పించమంటాను. హరిణి ఆ ఏర్పాటు కూడా చేసింది. నన్ను రాసిన పాఠంలో, కోడ్ అంటారే దాన్లో, వాడేవాళ్లకి కనిపించని చోట, మార్చడానికి వచ్చినవాళ్లకి మాత్రమే కనిపించేలా మొదటి వరసలోనే రాసిపెట్టింది: ‘ఈ పట్టీని తీసేయదలచినవారు ముందు పార్వతీపురం వెళ్లి, మహంతి కనకరత్నం గారి బెంచీ మీద ఒక పూట కూర్చుని రండి.’

ఇప్పటికి ముగ్గురు వచ్చారు. మొదటాయన పూణే నుంచి వచ్చి మధ్యాహ్నందాకా కూర్చున్నాడు, వెళ్లి తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. రెండో ఆయన సాక్షి రాలేదని బాధపడుతున్న ఒక పార్టీకి సాక్షి సంతకం పెడతానని లేచాడు. తెలియని మనిషికి సాక్షి ఎలా ఉంటారండీ అని కనకరత్నం గారు చీవాట్లు పెట్టి కూర్చోబెట్టింది. ఆయన కూడా ఆ తర్వాత నా జోలికి రాలేదు. మూడో ఆవిడ ఇవాళే వచ్చింది, చేతిలో లాప్‌టాప్, అందులో నా బదులు పెట్టాల్సిన చాలా అందమైన బొమ్మలు. వరసలో ఉన్నవాళ్లు అయిపోయాక మాట్లాడతానని కనకరత్నం గారు చెప్పింది. మధ్యాహ్నం రెండయింది. నా మీద ఇంకా అయిదు పేర్లున్నాయి. ఆవిడ లాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూస్తూ కూర్చుంది.